మిరప కల్లాల ఊళ్లో మొదటి పగడం

మా ఊళ్లో నీళ్ల గురించి మూడే ప్రశ్నలు వినపడతాయి. సాగర్ కాలువకి నీళ్లు ఎప్పుడొదులుతారు? బోరులో ఎంత ఉంది? ఆర్వో ప్లాంటు తెరిచారా? నాలుగో ప్రశ్న నేను కలిపాను: ‘ఇవాళ సెలినిటీ ఎంత?’

పర్చూరు దగ్గర ఓ పల్లె మాది. ఇంటికి ఒక పక్క పత్తి, ఇంకో పక్క మిరప. ఫిబ్రవరి వచ్చిందంటే కల్లాల నిండా ఎర్రటి తివాచీ పరిచినట్టు ఉంటుంది. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. కంపెనీ హైదరాబాద్‌లో, పని మాత్రం మా మేడ మీద గదిలో. ఆ గదిలోనే ల్యాప్‌టాప్ పక్కన రెండడుగుల గాజు తొట్టె ఒకటి ఉంది. అందులో 60 లీటర్ల ఉప్పునీళ్లు, హేచరీలో పుట్టి పెరిగిన రెండు క్లౌన్ చేపలు, ఒక రొయ్య. ఏడు నెలలు వాటితోనే గడిపాను. పోయిన కార్తీకంలో మొదటిసారి ఆ తొట్టెలోకి పగడాలు వచ్చాయి. బతికున్న పగడాలు!

రీల్స్‌లో మీరూ చూసే ఉంటారు. నీలం లైటు కింద ఆకుపచ్చగా, ఊదాగా మెరుస్తూ గాలికి ఊగే పైరులా కదిలే కోరల్స్‌ని. నేనూ అక్కడే పడిపోయాను. అయితే రీల్ 30 సెకన్లు ఉంటుంది. ఆ తొట్టె వెనకున్న నెలల పనీ, దేశ చట్టమూ అందులో కనపడవు. వాటి గురించే ఈ కబుర్లు.

అమ్మ మెడలో ఉన్నదేంటి మరి?

తొట్టెలో మెత్తగా ఊగుతున్నదాన్ని చూసి అమ్మ నమ్మలేదు. ‘పగడమంటే రాయి కదరా, ఇదేంది కదులుతోంది?’ అంటూ మంగళసూత్రం పట్టుకుని చూపించింది. దానికి అటొకటి, ఇటొకటి ఎర్ర పగడాలు.

అమ్మ మాటలో తప్పులేదు. దండల్లో, కుజదోషం ఉంగరాల్లో వాడే ఎర్ర పగడం ఒక సముద్ర జీవి అస్థిపంజరం. దానికి పెద్ద పేరు మధ్యధరా సముద్రం. వెలుతురు సరిగా అందని లోతుల్లో పెరుగుతుంది. ఆ జీవి పోయాక మిగిలిన గట్టి భాగాన్ని సానబెడితే పూస. ప్రాణంతో ఉన్నప్పుడు మాత్రం పగడం అంటే పాలిప్ అనే చిన్న జంతువుల గుంపు. ఒక్కో పాలిప్‌కి ఒక నోరు, దాని చుట్టూ వేళ్లలాంటి మీసాలు. గట్టి పగడాలైతే నీళ్లలోని కాల్షియం తీసుకుని తమ కింద సున్నపురాయి కట్టుకుంటూ పోతాయి. అలా వేల ఏళ్లు కట్టినవే పగడపు దిబ్బలు.

అమ్మకి ఇంకో సంగతి కూడా చెప్పాను. మా ఊరి నుంచి బండి మీద బయల్దేరితే ఎంతోసేపు పట్టదు మోటుపల్లికి. చినగంజాం మండలంలో, సముద్రం పక్కనే ఉంటుంది. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో అక్కడ వేయించిన అభయ శాసనంలో ఓడ వర్తకుల సరుకుల మీద ఎంత సుంకమో రాసి ఉంది. గంధం, కర్పూరం, ముత్యాలు, దంతం, మిరియాలు... వాటి మధ్యలో పగడాలు! అప్పటికి ఈ నేల మీద మిరపకాయే లేదు. మిరప అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ల తర్వాత వచ్చిన పంట. అంటే మన ప్రాంతానికి మిరప కంటే ముందే పగడం వచ్చేసిందన్నమాట. కాకపోతే పూసగా.

కౌలు లెక్క

పగడం ఎలా బతుకుతుందో నాన్నకి చెప్పడం చాలా తేలికైంది. ‘కౌలు నాన్నా’ అన్నాను. వెంటనే అర్థమైంది.

పాలిప్ ఒంట్లో జూజాంథెల్లే అనే కంటికి కనపడనంత చిన్న నాచు కాపురం ఉంటుంది. పాలిప్ దానికి ఉండటానికి చోటిస్తుంది, తన వ్యర్థాల్లోని నత్రజని ఎరువుగా ఇస్తుంది. నాచు ఎండలో పిండివంట చేసుకుని అందులో పెద్ద వాటా కౌలుగా కట్టేస్తుంది. కొన్ని పగడాలకు కావలసిన శక్తిలో 90 శాతం దాకా ఇలాగే వస్తుంది. పగడానికి రంగుల్లో ఎక్కువ భాగం కూడా ఈ కౌలుదారుదే.

నీళ్లు వేడెక్కితే ఈ ఒప్పందం చెడుతుంది. వేడికి నాచు విషంలాంటి పదార్థాలు వదులుతుంది, పాలిప్ దాన్ని బయటికి నెట్టేస్తుంది. రంగు పోయి కింది సున్నం తెల్లగా కనపడుతుంది. దాన్నే బ్లీచింగ్ అంటారు. పగడం అప్పటికి చచ్చిపోయినట్టు కాదు, పస్తులున్నట్టు. త్వరగా చల్లబడితే కౌలుదారు తిరిగొస్తాడు. లేకపోతే లేదు.

‘800కే అండమాన్ పీస్, బ్రో’

కోరల్స్ కోసం వెతకడం మొదలుపెట్టిన వారానికే ఫోన్‌లోకి మెసేజ్‌లు వచ్చిపడ్డాయి. కొమ్మలు కొమ్మలుగా ఉన్న గట్టి పగడం ఫొటో, కింద ధర, ‘800కే అండమాన్ పీస్, బ్రో’ అని ఒక లైను. బిల్లు ఇస్తారా అని అడిగితే ఒక నవ్వుతున్న బొమ్మ.

ఆ బొమ్మ వెనక ఏముందో తెలుసుకోవాలి. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 2001లో దాని మొదటి షెడ్యూల్‌లోకి పగడాలను చేర్చారు. దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ, నల్ల పగడాలు, ఆర్గాన్ పైప్ కోరల్, ఫైర్ కోరల్, సముద్రపు విసనకర్రల్లా ఉండే సీ ఫ్యాన్లు... అన్నీ అందులోకే వస్తాయి. అంటే పులికి ఏ షెడ్యూలో వీటికీ అదే. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మొదటి షెడ్యూల్ జీవుల విషయంలో నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. చచ్చిన కొమ్మ షోకేస్‌లో పెట్టుకున్నా ఇబ్బందే. సముద్రపు గుర్రాలూ ఇదే జాబితాలో ఉన్నాయి.

ఇంత కఠినం ఎందుకంటారా? తమిళనాడు వైపు మన్నార్ సింధుశాఖ చరిత్ర చూడండి. అక్కడ సున్నం కోసం, సిమెంటు కోసం దశాబ్దాల పాటు పగడాలను తవ్వేశారు. 1986లో జాతీయ పార్కుగా ప్రకటించిన 21 దీవుల్లో రెండు నీళ్లలో మునిగిపోయాయి. అలల్ని ఆపే దిబ్బ లేకపోతే దీవి నిలవదు.

మన కోస్తాలో అలాంటి పెద్ద దిబ్బలు పెరగకపోవడానికీ కారణం ఉంది. కృష్ణా, గోదావరి ఏటా తెచ్చే మంచినీళ్లు, ఒండ్రు మట్టి. పగడానికి ఉప్పు తగ్గకూడదు, వెలుతురు ఆగకూడదు. మన పొలాలకు బలమైన మట్టే దానికి గండం. కాబట్టి మనకు అమ్మజూపే ప్రతి గట్టి పగడమూ ఎవరిదో ఒక సముద్రం నుంచి తెంపుకొచ్చినదే అయ్యుంటుందని నాకు నేను చెప్పుకున్నాను. ఆ నంబరు బ్లాక్ చేశాను. ఫొటో మాత్రం చాలా అందంగా ఉంది, అబద్ధం చెప్పను.

మరి ఏం కొనాలి? సున్నపు అస్థిపంజరం లేని మెత్తటి రకాలు కొన్ని ఆ షెడ్యూల్‌లో లేవు. మష్రూమ్ కోరల్స్, లెదర్ కోరల్స్ లాంటివి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఎలాగూ ఇవే మంచివి. వీటిని తొట్టెల్లోనే ముక్కలుగా కోసి పెంచుతారు. ఆ ముక్కనే ఫ్రాగ్ అంటారు. మన దొండ తీగో, మునగ కొమ్మో నాటినట్టే. చెన్నై కొళత్తూరు అలంకార చేపల వ్యాపారానికి పేరు. అక్కడొక దుకాణం వాళ్లని రెండే అడిగాను: ముక్క ఏ తల్లి పగడం నుంచి కోశారో వీడియో, జీవి పేరు రాసిన బిల్లు. రెండూ ఇచ్చారు. అవి ఇవ్వలేనివాళ్ల దగ్గర ఎంత చవకైనా వద్దు.

జోయాంథిడ్స్ అనే పూలలాంటి రకం చవక, రంగులు బోలెడు. అయినా తేలేదు. వాటిలో కొన్నింట్లో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. గ్లోవ్స్, కళ్లజోడు లేకుండా ముట్టుకోకూడదు, అవి పెరిగిన రాయిని వేడినీళ్లలో వేయకూడదు. సెలవులకి అక్క పిల్లలు వచ్చే ఇల్లు మాది. ఆలోచించాల్సిన పనే లేదు.

మామయ్య రిఫ్రాక్టోమీటర్

ఇంటర్నెట్‌లో గురువులు చాలామంది దొరికారు. అసలు గురువు మాత్రం మా మామయ్యే. చీరాల వైపు వనామీ రొయ్యల చెరువులు చేస్తాడు. ఉప్పు శాతం చూసే రిఫ్రాక్టోమీటర్ ఆయన బండి డిక్కీలో ఎప్పుడూ ఉంటుంది. నా తొట్టె చూసి నవ్వాడు. తర్వాత ఒక్క మాటన్నాడు: ‘అల్లుడూ, నువ్వు నీళ్లని పెంచు. లోపలున్నది అదే పెరుగుద్ది.’

సముద్రపు నీళ్లలో ఉప్పు వెయ్యికి 35 పాళ్లు. అంటే నా 60 లీటర్లకి రెండు కిలోల పైచిలుకు. చినగంజాం కొఠార్ల కల్లుప్పు ఇంట్లోనే ఉందిగా, అది కలిపేస్తే సరిపోదా అని అమ్మ అడిగింది. సరిపోదు. ఉప్పు మడిలో నీళ్లు ఎండేటప్పుడు కాల్షియం చాలావరకు ముందే జిప్సంగా దిగిపోతుంది, మెగ్నీషియం చివర్లో మిగిలే చేదు నీళ్లలో ఉండిపోతుంది. మధ్యలో గడ్డకట్టేదే మనం తినే ఉప్పు. పగడానికి ఆ మూడూ కావాలి. కాల్షియం లీటరుకి 420 మిల్లీగ్రాముల దగ్గర, మెగ్నీషియం 1,300 దగ్గర ఉంటే మంచిది. అందుకే ఆక్వేరియం కోసం చేసిన ఉప్పు మిక్స్ కొనాల్సిందే. మరి వాడరేవు వెళ్లి నాలుగు క్యాన్లు సముద్రపు నీళ్లే పట్టుకొస్తే? ఒడ్డు దగ్గర బురద, కాలువల నుంచి వచ్చే మురుగు, పొలాల మందులు అన్నీ ఉంటాయి. ఆ సాహసం చేయలేదు.

ఉప్పు కలిపే నీళ్ల కథ వేరే. మా బోరు నీళ్లు గిన్నెకి తెల్లటి పొర కట్టే రకం. ఊరి ఆర్వో ప్లాంటు క్యాన్ తెచ్చి, దాన్ని ఇంట్లో చిన్న డీఅయొనైజర్ గుండా పంపి, టీడీఎస్ సున్నా చూపించాకే ఉప్పు కలుపుతాను. వారానికి ఆరు లీటర్లు తీసి ఆరు లీటర్లు కొత్తవి పోయడం. ఇంతే నా ఆదివారం.

తొట్టె పెట్టిన కొత్తలో మొదటి ఆరు వారాలు అందులో చేప కూడా లేదు. ఒక రొయ్య ముక్క వేసి కుళ్లనిచ్చాను. దాన్నుంచి అమ్మోనియా వస్తుంది, ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం నైట్రేట్ చేస్తుంది. మామయ్య చెరువు నీళ్లు పరీక్ష చేయించే ల్యాబ్‌లోనే నా నీళ్లూ చేయించాను. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, ఆల్కలినిటీ 143. వనామీకి అయినా, పగడానికి అయినా భాష ఒకటే. లోపల పెట్టిన రాళ్లు కూడా సిరామిక్‌తో చేసినవి. సముద్రం నుంచి తెచ్చే ‘లైవ్ రాక్’ చాలావరకు పాత పగడమే కాబట్టి దాని జోలికి పోలేదు.

మేడ మీదికి చేతులు కడుక్కునే రావాలి

పగడం తేవాలని నిర్ణయించాక ఇంట్లో ఒక కొత్త రూలు పెట్టాల్సి వచ్చింది. నాన్నకి చెప్పడానికి కాస్త ఇబ్బంది పడ్డాను.

మిరపలో ఆకుమచ్చకి కాపర్ ఆక్సీక్లోరైడ్ కొడతారు. పత్తిలో పచ్చదోమకి ఇమిడాక్లోప్రిడ్. పొలానికి అవి మందులు. రాగి అతి కొద్దిగా ఎక్కువైనా పగడాలూ రొయ్యలూ తట్టుకోలేవు. పురుగుమందు సంగతి చెప్పేదేముంది, రొయ్య పురుగుకి దగ్గరి చుట్టమే. నాన్నకేమో పొలం నుంచి రాగానే మేడెక్కి చేపలకి నాలుగు గింజలు మేత వేయడం అలవాటు. ఆయనకి రోజులో అదొక్కటే విశ్రాంతి.

చెప్పాను. నాన్న కాసేపు తొట్టె వైపు చూసి, ‘మరి ఆ మందు మా ఒంటికేం చేస్తది?’ అన్నాడు.

నా దగ్గర సమాధానం లేదు. 60 లీటర్ల నీళ్ల గురించి ఇంత జాగ్రత్త పడుతున్నవాడిని, పాతికేళ్లుగా వీపున ట్యాంకు మోస్తున్న మనిషి గురించి ఏం చేశానన్నది ఆ ప్రశ్నలో ఉంది. ఆ వారమే గ్లోవ్స్, మాస్కు, నిండు చేతుల చొక్కా ఆర్డర్ పెట్టాను. ఉక్కపోతకి మాస్కు తీసేస్తూ ఉంటాడు కానీ గ్లోవ్స్ మాత్రం వేసుకుంటున్నాడు. మందు కొట్టాక నేరుగా బావి దగ్గరికి వెళ్లి, స్నానం చేశాకే ఇంట్లోకి. ఇంటిల్లిపాదికీ అదే రూలు. పగడం ఇంకా రాకముందే మా ఇంటికి చేసిన మేలు ఇది.

మార్టూరు హైవే, తెల్లవారుజాము

పగడాలు చెన్నై నుంచి రాత్రి బస్సులో థర్మాకోల్ పెట్టెలో వచ్చాయి. మార్టూరు దగ్గర హైవే మీద తెల్లవారుజామున అందుకున్నాను. రెండు మష్రూమ్‌లు, ఒక లెదర్. అన్నీ కలిపి ఒక అరచేతిలో పట్టేంత. కార్తీకంలోనే తెప్పించడానికి కారణం చలి. దారిలో వేడెక్కవు, పైగా ఎండాకాలం లోపు కుదురుకోవడానికి నాలుగైదు నెలలు దొరుకుతాయి.

ఇంటికి రాగానే లైటు ఆపేసి, సంచులు అలాగే 20 నిమిషాలు తొట్టెలో తేలనిచ్చాను. రెండు వైపులా వేడి సమానమవ్వాలి. తర్వాత సన్నటి పైపుకి ముడివేసి, సెలైన్ ఎక్కించినట్టు చుక్క చుక్కగా తొట్టె నీళ్లు వాటి గిన్నెలోకి ముప్పావు గంట. సంచి నీళ్లు ఒక్క చుక్క కూడా తొట్టెలో పోయలేదు. మష్రూమ్‌లని కింద నీడలో, లెదర్‌ని మధ్యలో పెట్టి లైటు సగానికి తగ్గించాను.

మష్రూమ్‌లు సాయంత్రానికి విచ్చుకున్నాయి. లెదర్ ముడుచుకుపోయింది. మర్నాడూ అంతే. నాలుగో రోజుకి దాని మీద మైనం లాంటి పొర. వారం దాటింది. రోజుకి పదిసార్లు చూడటం, ఏదైనా ఒకటి మార్చేద్దామని చేతులు దురదపెట్టడం! లైటు పెంచనా, జరపనా, ఏదైనా మందు వేయనా? ఆఫీసు సర్వర్ ఆగిపోతే ఏదో ఒక బటన్ నొక్కుతాం. ఇక్కడ నొక్కడానికి ఏమీ లేదు. నీళ్ల లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

నాన్న చూసి తేలిగ్గా అన్నాడు: ‘నారు పీకి నాటితే మూడు రోజులు తల వాల్చుద్ది. వేరు పట్టాక అదే లేస్తది. మాటిమాటికీ కదిలిస్తే చస్తది.’

లెదర్ కోరల్స్ అప్పుడప్పుడు ఒంటి మీది పొరని ఇలా వదిలించుకుంటాయి. పదో రోజు ఆ మైనం పొర పంపు అలకి కొట్టుకుపోయింది. మధ్యాహ్నం మీటింగ్‌లో ఉండగా పక్కకి చూస్తే, గొడుగు మీద సన్నటి మీసాలు వందల కొద్దీ లేచి ఊగుతున్నాయి. మైక్ మ్యూట్‌లో ఉందో లేదో కూడా చూసుకోకుండా ‘అమ్మా, రా!’ అని అరిచాను.

మే నెల పరీక్ష

అసలు పరీక్ష ఇంకా ముందుంది. 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్త పగడాల బ్లీచింగ్ నాలుగోసారి జరుగుతోందని అమెరికా సంస్థ నోవా, అంతర్జాతీయ కోరల్ రీఫ్ ఇనిషియేటివ్ కలిసి ప్రకటించాయి. ఆ వేసవిలోనే లక్షద్వీప్‌లో పగడాలు పెద్ద ఎత్తున తెల్లబారాయని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ చెప్పింది. మన హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ ఉపగ్రహాలతో సముద్రపు వేడి చూసి బ్లీచింగ్ హెచ్చరికలు ఇస్తుంటుంది. మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు, పగడానికి ప్రమాదం. ఒక్క డిగ్రీ! మనకైతే తెలియను కూడా తెలియదు.

మా గదిలో మే మధ్యాహ్నం ఎలా ఉంటుందో ఈ ప్రాంతం వాళ్లకి చెప్పక్కర్లేదు. తొట్టె 26 డిగ్రీల దగ్గర ఉండాలి. నీళ్ల మీదికి రెండు చిన్న ఫ్యాన్లు పెట్టాను. కుండ చల్లబడే సూత్రమే, నీళ్లు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతాయి. కానీ ఉప్పు ఆవిరవదు. రోజుకి రెండు లీటర్లు పోతే 35 కాస్తా 36 దాటుతుంది. నాలుగు రోజులు పట్టించుకోకపోతే 40. అందుకే నీటి మట్టం తగ్గగానే మంచినీళ్లు పోసే చిన్న పంపు, వేడి 28 దాటితే నా ఫోన్‌కి మెసేజ్ పంపే సెన్సర్ అమర్చాను. ఆ కోడ్ రాయడానికి ఒక ఆదివారం పట్టింది. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు, అల పంపు నడుస్తాయి. ఎండ మరీ ముదిరితే ఆ గది ఏసీ. కరెంటు బిల్లు ముందే లెక్కేసుకున్నాను. ఆ లెక్క వేయకుండా పగడం కొనొద్దని మీకూ చెబుతున్నాను.

ఇప్పుడు మాఘం. మష్రూమ్‌లలో ఒకటి అంచు దగ్గర సాగి, రెండుగా చీలుతోంది. దుకాణం వాళ్లు మొన్న కొత్త రకాల ఫొటోలు పంపారు. మామయ్య తన ఇంటి తొట్టెకి ఒక ‘పిలక’ కావాలని ఇప్పుడే బుక్ చేసుకున్నాడు. ఇద్దరికీ ఒకటే జవాబిచ్చాను: ఈ మే దాటనివ్వండి. మూడూ రంగు పోకుండా జూన్ చూస్తే, పిలక మామయ్యకి. నాలుగోది కొనాలా వద్దా అన్నది ఆ తర్వాత మాట.